అమ్మ పెట్టిన ఎర్ర గుండెలు

తెల్లారి పాలు పొంగకముందే కుట్టుమిషను ముందు కూర్చునే మనిషి ఆ దర్జీ అమ్మ. ఆ పొద్దున మాత్రం టేపు పుచ్చుకుని కూతుర్ని పిలిచింది. బడికి కొత్త యూనిఫాం కుట్టాలి. నడుము చుట్టూ టేపు వేసి చూసి, నమ్మలేక మళ్ళీ వేసింది. నెల తిరక్కుండానే రెండంగుళాలు తగ్గింది!

"ఏమే బుడ్డీ, తింటున్నావా, కంచంలో కెలికి లేస్తున్నావా?"

"ఆకల్లేదు."

"ఇంత ఎండలో ఆ స్వెట్టరేంటి? తియ్యి, కొలత సరిగ్గా రావట్లేదు."

"తియ్యను." పదిహేనేళ్ళ పిల్ల గోడకు అతుక్కుపోయింది.

అమ్మకు చిర్రెత్తుకొచ్చింది. "బాగానే ఉంది వరస! పోయిన నెల నేను కుట్టిన గౌను వేసుకుని మహారాణిలా ఫొటో దిగావు. ఫేస్‌బుక్కులో మన కొట్టు పేజీలో పెడితే రెండొందల కామెంట్లు! అంత పేరొచ్చాక ఈ మొహం ముడుచుకోవడమేంటి?"

"పేరా?" పిల్ల గొంతు కీచుమంది. "వాటిలో ఏముందో నీకు తెలుసా?"

తెలీదు. ఆమెకు అక్షరమ్ముక్క రాదు. అయినా గుమ్మంలోకి వచ్చినవాళ్ళని పలకరించకుండా పంపే రకం కాదు. అందుకే తీరిగ్గా కూర్చుని కామెంటుకొకటి చొప్పున ఎర్ర గుండె గుర్తు పెట్టింది. ఒక్కటంటే ఒక్కటి వదల్లేదు, మహాతల్లి!

పిల్ల ఫోను తీసింది. "అయితే విను. 'గౌనులో పీపా.' గుండె పెట్టావు. 'నిన్ను చూస్తే వాంతొస్తోంది.' గుండె. 'చచ్చిపో, భూమికి భారం తగ్గుద్ది.' దానికీ పెట్టావమ్మా! 'మీ అమ్మే ఒప్పుకుంది' అని బళ్ళో అందరూ నవ్వుతున్నారు."

టేపు జారి నేలమీద పడింది. ఉన్నవి రెండే గదులు. ఒక గదిలో ఆమె జిప్పులు కుడుతుంటే, ఇంకో గదిలో ఈ మాటలన్నీ పిల్ల ఒక్కతే మోసింది.

"నాకెందుకు చెప్పలేదే తల్లీ?"

"రెండుసార్లు మిషను దగ్గరికొచ్చా. 'అర్జెంటు బట్టలే, తర్వాత' అన్నావు."

అన్నది. నిజమే, అన్నది.

ఆమె స్టూలు లాక్కుని కూతురి పక్కన కూర్చుంది. "ముందు ఈ రాతలన్నీ ఫొటోలు తీసి దాచు, సాక్ష్యం. తర్వాత నేను పెట్టిన ఆ ఫొటో తీసిపారేద్దాం. ఇవాళ కొట్టు తెరవను. మీ టీచరు దగ్గరికెళ్దాం, అక్కణ్ణుంచి పోలీసుల దగ్గరికి. సిగ్గుపడాల్సింది వాళ్ళు, నువ్వు కాదు."

ఒక్కొక్కటీ దాచుకుంటూ అట్టడుగుకు వచ్చారు. అక్కడ తమ ఫొటో బదులు పిల్లిబొమ్మ పెట్టుకున్నవాళ్ళెవరో రాసిన కామెంటుంది. పిల్ల చెయ్యి ఆగిపోయింది.

"ఇదెవరు? ఏమని తిట్టారు?"

"తిట్టలేదు. అది నేనే." పిల్ల తల వంచుకుంది. "'అమ్మా, నాకు భయమేస్తోంది, ఈ ఫొటో తీసెయ్యవా' అని రాశా. ఎవరిచేతైనా చదివించుకుంటావనుకున్నా."

దాని కిందా ఎర్రటి గుండె ఉంది.

అమ్మ కూతుర్ని స్వెట్టరుతో సహా గుండెలకు హత్తుకుని భోరుమంది. కాసేపటికి ముక్కు తుడుచుకుని, పక్కన పడ్డ ఫోను తీసి పిల్ల చేతిలో పెట్టింది.

"మళ్ళీ చదువు తల్లీ. ఇప్పుడు వింటున్నా."