గురువారం మోగని ఫోన్

ఆ గురువారం పొద్దున్న పొందూరులో మేష్టారింట్లో ఉన్నవాళ్లు ఐదుగురు. సంగీతం మేష్టారు చంద్రశేఖరం, హాల్లో చాప మీద. ఆయన తల్లి జగదీశ్వరమ్మ, చూపు సగం పోయిన మనిషి, కిటికీ పక్క మంచం మీద. మేష్టారి కోడలు ఆమని వంటింట్లో. ఇంటర్నెట్ కనెక్షన్ చూసే బాబీ మోడెం దగ్గర. అతను తొమ్మిదిన్నరకే వెళ్లిపోయాడు. ఐదో మనిషి గౌరి, ముసలావిడకు చేదోడుగా పొద్దున్న వచ్చి సాయంత్రం వెళ్లే పిల్ల.

ఈ పేర్లన్నీ గౌరి తన లెక్కల పుస్తకం చివరి పేజీలో రాసుకుంది. తన పేరు రాయాలా వద్దా అని కాసేపు ఆగి, అదీ రాసింది. శనివారం పొద్దున్నే రైలెక్కి చీపురుపల్లిలో దిగి, స్టేషను ఎదురుగా ఉన్న మేడ మెట్లెక్కి, నీలవేణి గారి గది తలుపు కొట్టింది.

నీలవేణి ముప్పై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి, రిటైరయ్యాక ప్రైవేటు డిటెక్టివ్ బోర్డు కట్టిన మనిషి. పక్కన కూర్చున్న లక్ష్ముడు ఒకప్పుడు ఆవిడ కింద స్తంభాలెక్కిన లైన్‌మన్. ఇప్పుడు స్తంభాలు ఎక్కడం లేదు కానీ, ఆవిడ మాట్లాడినప్పుడల్లా అలాగే పైకి చూస్తాడు.

"ఏటమ్మా, ఇంత పొద్దున్నే? ముందు మంచినీళ్లు తాగు," అన్నాడు లక్ష్ముడు.

గౌరి తాగింది. చెప్పింది.

వేణుగోపాలస్వామికి బంగారు జంధ్యం ఉంది. సన్నటి గొలుసు. కల్యాణం రోజుల్లో గుడికి వెళ్తుంది, మిగతా ఏడాదంతా మేష్టారింట్లోనే ఉంటుంది. నాలుగు తరాలుగా ఆ కుటుంబానిది ఆ సేవ. జంధ్యం ఉన్నన్నాళ్లూ ఆ గడపకు తాళం పడకూడదు, ఇంటి ఆడమనిషి ఒకరు ఎప్పుడూ లోపల ఉండాలి. అది ఆ ఇంటి నియమం. మామ్మగారి చూపు తగ్గాక ఆ వంతు ఆమనిది. మేష్టారి తండ్రి బతికుండగానే జంధ్యం గదికి దొంగల అలారం పెట్టించారు. తలుపు తెరిచాక అర నిమిషంలో నాలుగంకెల కోడ్ కొట్టాలి. కొట్టకపోతే గోడ మీది అలారం పెట్టె తనంతట తానే గుడి కమిటీ ప్రెసిడెంటు కొండబాబుకు ఫోన్ చేస్తుంది.

"సైరన్ లేదా?" అడిగింది నీలవేణి.

"తుప్పట్టిపోయిందండి. ఫోనొక్కటే."

"కోడ్ ఎవరెవరికి తెలుసు?"

"మేష్టారికి, మామ్మగారికి. ఆవిడకి అంకెలు కనిపించవు కదండీ, పొద్దున్నా సాయంత్రం దీపం పెట్టినప్పుడు ఆవిడ సెప్తే నేను కొడతాను. గుమ్మం దాటి లోపలికి మాత్రం ఎప్పుడూ ఎల్లలేదు."

"కోడలికి?"

"ఆమనక్కకి సెప్పలేదండి. కోడలికెందుకు అంటారు మేష్టారు."

గురువారం పొద్దున్న దీపం పెట్టినప్పుడు జంధ్యం ఉంది. సాయంత్రం జంధ్యం పెట్టె ఖాళీ. కొండబాబుకు ఫోన్ రాలేదు. అలారం పాడైందేమోనని మేష్టారు వెంటనే టెస్టు బటన్ నొక్కితే, కొండబాబు సెల్ చక్కగా మోగింది. అంటే అలారం బాగానే ఉంది. కోడ్ తెలిసినవాళ్లే తీశారు. మేష్టారు తీయరు, మామ్మగారు తీయరు. మిగిలింది ఒక్కతే.

"ఈ సాయంత్రం దాకా గడువిచ్చారండి. ఇవ్వకపోతే కేసు పెడతారట. నేను కానిస్టేబుల్‌గా సెలెక్టయ్యాను. సోమవారం మా వివరాలు విచారించడానికొస్తారు. అప్పటికి నామీద కేసుంటే..." గౌరి గ్లాసు కింద పెట్టింది. "మా అమ్మ ఎండుచేపల బుట్ట నెత్తిన పెట్టుకుని నన్ను సదివించిందండి. ఆమనక్కే కూర్చోబెట్టి లెక్కలు నేర్పింది."

నీలవేణి పుస్తకం చివరి పేజీ చదివింది. "నీ పేరు కూడా రాశావే?"

"ఉన్నాను కదండీ మరి."

ఆవిడ లేచి సంచీ భుజానికి తగిలించుకుంది. "లక్ష్ముడూ, పొందూరు బండి ఎన్నింటికి?"

*

గౌరి మేష్టారింటి గడపలో అడుగు పెట్టింది. రెండేళ్లు తిరిగిన ఇల్లు. ఇవాళ ఆమె వెనక్కి తిరిగితే చాలు, ఎవరో ఒకరు ఆమె చేతుల వంక చూస్తున్నారు. హాల్లో శ్రుతిపెట్టె మోగుతూ ఉంది. మేష్టారు దాన్ని ఆపకుండానే మాట్లాడారు.

"దొంగే డిటెక్టివ్‌ని తీసుకురావడం ఇప్పుడే చూస్తున్నాను."

"నేనూ ఇప్పుడే చూస్తున్నానండి," అంది నీలవేణి. "అందుకే వచ్చాను."

లక్ష్ముడు శ్రుతిపెట్టె తీగ దాటబోయి తడబడ్డాడు. "ఇది బ్యాటరీల మీద నడిసేది కదండీ మేష్టారూ?"

"అయిపోయాయి. గురువారం నుంచి కోడలే ప్లగ్గుకు పెట్టి ఇస్తోంది, మళ్లీ తనే తీసి దాస్తోంది. కొత్త బ్యాటరీలు తేవాలంటే నాకు పాఠాలు, ఆవిడేమో గడప దాటకూడదు."

"గురువారం కరెంటు పోయిందట కదా?" అడిగింది నీలవేణి.

"లైను మరమ్మతని పది నుంచి ఒంటిగంట దాకా తీసేశారు. పేపర్లో ముందే వేశారు. అయినా కళ్లు మూసుకుని చేసుకునే నా సాధన ఆగలేదు, ఇదీ ఆగలేదు. ఇన్వర్టర్ ఉందిగా."

నీలవేణి జంధ్యం గది తలుపు పక్కనున్న అలారం పెట్టె దగ్గరకు వెళ్లింది. దాని మీద క్యాలెండరు వేలాడుతోంది. పక్కకు జరిపి చూసింది. మూలన చిన్న ఎర్రదీపం ఆగి ఆగి వెలుగుతోంది.

"గురువారం సాయంత్రం తర్వాత దీన్ని మళ్లీ ఆన్ చేశారా?"

"ఖాళీ పెట్టెకి కాపలా ఎందుకు?" అన్నారు మేష్టారు.

ఆవిడ క్యాలెండరు సర్దేసి, మంచం దగ్గర స్టూలు లాక్కుని కూర్చుంది. "మామ్మగారూ, ఆ రోజు పొద్దున్న ఏం చేశారు?"

"ఏం చేస్తానమ్మా ఈ కళ్లతో! పదకొండింటికి నౌపడలో మా చెల్లెలికి ఫోన్ చేస్తాను రోజూ. ఇద్దరం కాసేపు పోట్లాడుకుంటాం. ఆ రోజు అదీ లేదు. గౌరి నంబరు నొక్కి ఇచ్చింది, ఫోను ఉలకదూ పలకదూ. మధ్యాహ్నం బాగుపడింది."

"గౌరీ, నిజమేనా?"

"అవునండి. మాట కాదు కదా, గుర్రుమన్న సప్పుడు కూడా రాలేదు."

ఆమని కాఫీ గ్లాసులు తెచ్చింది. రెండు రోజులుగా ఆమె గౌరి మొహం చూడలేదు. అక్క కూడా నమ్మేసింది కాబోలనుకుంది గౌరి. 

"మీరెక్కడున్నారమ్మా ఆ టైములో?" అడిగింది నీలవేణి.

"వంటింట్లో. ఇంకెక్కడుంటాను?"

"ఏమైనా చప్పుడు?"

"మామయ్యగారి శ్రుతి తప్ప ఈ ఇంట్లో ఇంకేదీ వినపడదండి."

కబురందుకుని బాబీ బైకు మీద వచ్చాడు. ముప్పై ఏళ్ల మనిషి, వస్తూనే చెమట తుడుచుకున్నాడు. "నాకేటీ తెల్దు మేడం. తొమ్మిదిన్నరకి అన్నీ సూసి ఎలిపోనాను. నెట్టు, ఫోను రెండూ బాగున్నాయి."

"ఈ పాత అలారాన్ని ఇంటర్నెట్ ఫోనుకు కలిపింది నువ్వేనా?"

"నేనే. పాత రాగి లైను తీసేశారు కదండీ. మోడెం ఎనకాల ఫోను పాయింటు ఉంటాది, దానికి కలిపాను. సెల్లు నంబరు ముందు సున్నా లేకపోతే ఎల్లదని అదీ ఎక్కించాను."

"కరెంటు పోతే?"

"మోడెం ఆగితే ఫోనూ ఆగిపోద్ది. అందుకే ఇన్వర్టర్ ప్లగ్గులో పెట్టాను. ఈ హాల్లో ఇన్వర్టర్ పాయింటు అదొక్కటే. దాన్ని తియ్యొద్దని సెప్పాను కూడా."

"ఎవరికి?"

"కోడలుగారికి. గౌరి కూడా పక్కనే ఉంది."

మేష్టారి చూపు మళ్లీ గౌరి మీద వాలింది. గౌరి పుస్తకం గుండెలకు అదుముకుంది. బాబీ అబద్ధం చెప్పలేదు. ఆ రోజు ఆమె నిజంగానే అక్కడుంది.

నీలవేణి గడియారం చూసింది. "ప్రెసిడెంటుగారిని రమ్మనండి."

*

కొండబాబు వస్తూనే ఎత్తుకున్నాడు. "ఏటమ్మా, ఒస్తువు దొరికిందా, లేదా? అప్పుడే సెప్పాను, బ్యాంకు లాకర్లో పెట్టేద్దారని. మేష్టారు ఇన్నారా? మా ఇంటి సేవ గడప దాటదన్నారు!"

"కూర్చోండి. మీ సెల్ బయట పెట్టండి," అంది నీలవేణి.

అందరూ హాల్లో కూర్చున్నారు. గౌరి గోడకు ఆనుకుని నిలబడి, పుస్తకం కిటికీ గట్టు మీద పెట్టింది.

"మీరందరూ ఒక మాట నమ్మారు. ఫోన్ రాలేదు గనక కోడ్ కొట్టి తలుపు తీశారని. ఇటు చూడండి." ఆవిడ క్యాలెండరు తీసేసింది. "ఈ ఎర్రదీపం అలారం పెట్టె జ్ఞాపకం. కోడ్ కొట్టకుండా తలుపు తెరిస్తేనే వెలుగుతుంది. తర్వాత కోడ్ కొట్టినా ఆరదు, మళ్లీ ఆన్ చేసినప్పుడే ఆరుతుంది. గురువారం కరెంటు లేకపోయినా తన సొంత బ్యాటరీతో ఈ పెట్టె అరిచింది. దాని గొంతు బయటికి వెళ్లలేదు, అంతే."

"టెస్టు సేస్తే ఒచ్చింది కదేటి?" అన్నాడు కొండబాబు.

"అప్పటికి కరెంటు వచ్చేసింది. లక్ష్ముడూ, మెయిన్ తియ్యి."

మెయిన్ పడింది. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. మోడెం దీపాలూ వెలుగుతూనే ఉన్నాయి. నీలవేణి అలారం ఆన్ చేయించింది, ఎర్రదీపం ఆరింది. జంధ్యం గది తలుపు తెరిచింది. పెట్టె సన్నగా కూయసాగింది. ఎవరూ కోడ్ కొట్టలేదు. అర నిమిషం దాటాక కొండబాబు సెల్ మోగింది. ఆయన బటన్ నొక్కగానే, చనిపోయి ఎనిమిదేళ్లైన మేష్టారి తండ్రి గొంతు, అప్పట్లో రికార్డు చేసి పెట్టింది, హాల్లో నిండింది.

"అయ్యా, నేను సోమయాజులుని. మా ఇంట్లో దొంగలు పడ్డారు. వెంటనే రండి."

జగదీశ్వరమ్మ మంచం మీద నుంచే చెంగు నెత్తి మీదికి లాక్కుంది.

"ఇప్పుడు గురువారం జరిగింది చూడండి," అంది నీలవేణి. మోడెం ప్లగ్గు పీకి, కరెంటు లేని బోర్డులో పెట్టింది. ఖాళీ అయిన ఇన్వర్టర్ పాయింటులో శ్రుతిపెట్టె తీగ గుచ్చింది. శ్రుతి గుయ్యిమంది. అలారం మళ్లీ ఆన్ చేయించి తలుపు తీసింది. ఈసారి కూత ఎవరికీ వినపడలేదు, శ్రుతి మింగేసింది. అర నిమిషం, ఒక నిమిషం, రెండు నిమిషాలు. సెల్ మోగలేదు. ఎర్రదీపం మాత్రం వెలిగింది.

"పాత రాగి తీగకు కరెంటు మా ఎక్స్ఛేంజి నుంచే వచ్చేది. ఊరంతా చీకటైనా ఫోను పలికేది. ఇప్పుడలా కాదు. మామ్మగారి ఫోను పదకొండింటికి పలకలేదు, అంటే మోడెం ఆగిపోయి ఉంది. మేష్టారి శ్రుతి ఆగలేదు, అంటే ఇన్వర్టర్ పాయింటులో ఉన్నది అదే. ఒంటిగంట తర్వాత మళ్లీ ఎక్కడివక్కడ పెట్టేశారు. బాబీ అప్పటికి వెళ్లిపోయాడు. మేష్టారికీ, మామ్మగారికీ, గౌరికీ కోడ్ తెలుసు. నాలుగు అంకెలు కొట్టగలిగిన మనిషికి ఇంత ప్రయాస దేనికి? ఇది కోడ్ తెలియని మనిషి పని."

ఎవరూ ఆమని వైపు చూడటానికి ధైర్యం చేయలేదు. గౌరి చూసింది. ఆమని చేతులు ఒళ్లో రాళ్లలా పడి ఉన్నాయి.

నీలవేణి శ్రుతిపెట్టె ఆపి, తిరగేసి, బ్యాటరీల మూత తీసింది. బ్యాటరీలు లేవు. ఆ చోట దూదిలో చుట్టిన సన్నటి గొలుసు మెరిసింది.

"స్వామీ!" అన్నారు మేష్టారు. రెండు రోజులుగా ఆయన దాని ఎదుటే కూర్చుని పాడుతున్నారు.

లక్ష్ముడు ఉండబట్టలేకపోయాడు. "నేను తీగ దాటాను గానీ, మా నీలవేణమ్మ పెట్టెనే సూసింది!"

"అమ్ముకోవాలనుకున్నవాళ్లు ఇంట్లో దాచరు," అంది నీలవేణి మెల్లగా. "మీరు చెప్తారామ్మా, నన్ను చెప్పమంటారా?"

ఆమని నేల చూస్తూనే చెప్పింది. "చీపురుపల్లి స్కూల్లో రెండుసార్లు టీచరు ఉద్యోగం ఇస్తామన్నారు. రెండుసార్లూ గడప దాటకూడదన్నారు. మా చెల్లి పెళ్లికీ పంపలేదు. అలారం పనికిరాదని తేలితే జంధ్యం లాకర్‌కి వెళ్తుంది, నేను బయటికి వెళ్తాను అనుకున్నాను. ఆ టైములో ఫోను చచ్చిపోయిందని అందరికీ తెలుస్తుందనుకున్నాను. వీళ్లు టెస్టు చేసి గౌరి అంటారని నాకు తోచలేదు."

"తోచాకైనా?" అంది నీలవేణి.

ఆమని ఖాళీ కాఫీ గ్లాసులు ఏరసాగింది.

*

కొండబాబు తన చేత్తోనే కాగితం రాసి సంతకం పెట్టాడు. వస్తువు ఇంట్లోనే దొరికిందనీ, గౌరి మీద ఏ అనుమానమూ లేదనీ. మేష్టారు సాక్షి సంతకం పెట్టారు కానీ తల ఎత్తలేదు. సోమవారం జంధ్యం బ్యాంకుకు పోతుంది. పోలీసుల దాకా వద్దని మాట అయింది.

కాగితం మడిచి జాకెట్లో దోపుకుని గౌరి వీధిలోకి వచ్చింది. నీలవేణి, లక్ష్ముడు ముందు నడుస్తున్నారు. నాలుగడుగులు వేశాక పుస్తకం గుర్తొచ్చి వెనక్కి వెళ్లింది.

పిలవక్కర్లేకపోయింది. ఆమని దాన్ని పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది. గడపకు ఇవతల గౌరి, అవతల ఆమె. పుస్తకం చేతులు మారింది. అందులో సగం లెక్కలు ఆమని గుండ్రటి చేతిరాతే.

"అక్కా," అంది గౌరి. "ఈవిడ రాకపోయుంటే, సాయంత్రం నన్ను పోలీసులు తీసుకుపోతంటే, అప్పుడైనా సెప్పేవారా?"

ఆమని ఆమె మొహం చూసింది, రెండు రోజుల తర్వాత మొదటిసారి. పెదవులు కదిలాయి. లోపలి నుంచి మామ్మగారు ఎవరినో పిలిచారు.

ఆమని తలుపు మూసింది. లోపల గడియ పడింది.