గోడ మీద లేని పేజీ

వాళ్లిద్దరూ మొదటిసారి మూడో తరగతి గదిలో ఎదురుపడ్డప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఉండక తప్పదు. ఆ బడి పేరెంట్స్ కమిటీకి నేను ప్రెసిడెంటుని. మనవరాలి తరఫున మీటింగుకి వెళ్లి, ఫ్యాను గాలికి కునుకు తీస్తూ తల ఊపాను. ఒప్పుకున్నానని రాసేసుకున్నారు.

ఆ రోజు కురిసిన వాన సంగతి చెప్పాలి. కప్పలు కూడా గొడుగులు వెతుక్కున్న వాన అది. నమ్మరు గానీ, ఒక కప్ప నా గొడుగు కిందే బడి దాకా నడిచొచ్చింది. గుమ్మం దగ్గర కాళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది.

అంత వానలో విద్యాశాఖ ఆఫీసు నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. ప్యాంటు మోకాళ్ల దాకా తడిసింది, చంకలో ఫైలు మాత్రం పొడిగా ఉంది. ప్రతి బడీ ఏడాదికొక ప్రణాళిక రాసివ్వాలి. పిల్లలు ఇప్పుడెక్కడున్నారు, ఏడాది చివరికి ఎక్కడుండాలి, అందుకు బాధ్యులెవరు, ఎప్పటిలోగా. ఆ గళ్లన్నీ నింపించడం అతని ఉద్యోగం. నోరు తెరిస్తే శాతాలే రాలుతుంటే, పిల్లలు గంటలోపే శాతం సారు అని పేరు పెట్టేశారు.

మూడో తరగతి టీచరుకి అప్పటికే పేరుంది. ఆ ఏడాదే కొత్తగా వచ్చిన అమ్మాయి. ఏం చెప్పినా ఎందుకు అంటుంది. ఒకసారి నేను దగ్గితే కూడా ఎందుకని అడిగింది. అందుకని ఎందుకు టీచరు.

"లక్ష్యం గడి ఖాళీగా వదిలేశారు మేడమ్," అన్నాడు శాతం సారు.

"దాని ముందు గడి తప్పుగా ఉందండి. ముందు అది దిద్దండి," అంది టీచరు.

ఆ ముందు గడి పేరు ప్రస్తుత స్థితి. ముప్పై రెండు మందిలో ఇరవై ఎనిమిది మంది చదవగలరని ఆఫీసువాళ్లే అందులో అచ్చు వేసి పంపారు. టీచరు లెక్క పదకొండు.

అతను నవ్వి, పరీక్ష పేజీ బయటికి తీశాడు. ఒక ఏడాదిని ఇంకో ఏడాదితో పోల్చుకోడానికి వీలుగా ఆఫీసు ఏటా అదే పేజీ పంపుతుంది. ఒక నక్క, దాని గొడుగు కథ. పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచి చదివించాడు. ఇరవై ఎనిమిది మంది గడగడా చదివేశారు. అతను టీచరు వైపు కాస్త గర్వంగా చూశాడు. ఆమె అతని వైపు జాలిగా చూసింది. నేను ఇద్దరినీ చూశాను. ప్రెసిడెంటుకి అంతకు మించి పనేముంది?

అతను ఫైలు మూయబోయి ఆగాడు. నుదురు ముడిపడింది.

"అందరూ ఒకే చోట ఆగుతున్నారు. నక్క గొడుగు, అని ఊపిరి పీల్చుకుని, విప్పింది అంటున్నారు. ఎందుకు?"

ఆ గదిలో ఎందుకు అనే మనిషి ఇంకొకరు దొరికేసరికి టీచరు ముఖం విప్పారింది. మీరే కనిపెట్టండి అంది.

అతను నా మనవరాలిని పిలిచి, పేజీ తలకిందులుగా చేతిలో పెట్టాడు. అది ఒక్క అక్షరం పొల్లుపోకుండా చదివింది. గొడుగు దగ్గర ఆగి మరీ చదివింది. అతను మెల్లగా వెనక్కి తిరిగాడు. వెనక గోడ నిండా నీలం రంగుతో, మూరెడేసి అక్షరాల్లో అదే కథ. మూడో వరస మధ్యలో స్విచ్‌బోర్డు. పెయింటరు 'గొడుగు' ఇటు పక్కన, 'విప్పింది' అటు పక్కన రాశాడు. పిల్లలు రోజూ పాడి పాడి, స్విచ్‌బోర్డుతో సహా కంఠస్థం చేశారు.

పరీక్ష పేజీ గోడకెవరు ఎక్కించారని అతను అడిగాడు. టీచరు బీరువాలోంచి ఒక సర్క్యులర్ తీసిచ్చింది. ప్రతి తరగతీ తన లక్ష్యాన్ని గోడ మీద అందరికీ కనబడేలా ప్రదర్శించాలి, అనుమతి లేనిదే తొలగించరాదు. వెనకటి టీచరు, ఆ పేజీ చదవడమేగా లక్ష్యం అనుకుని, పేజీకి పేజీ రాయించేశాడు.

"కింద సంతకం మీదే కదండీ?" అంది టీచరు.

అతని చెవులు ఎంత ఎర్రబడ్డాయంటే, ఆ వెలుగుకి గదిలో లైటు ఆర్పేసినా సరిపోయేది.

అసలు చిక్కు అక్కడే ఉంది. సగం మందైనా చదవలేని తరగతిని మూడు కిలోమీటర్ల అవతల ఉన్న పెద్ద బడిలో కలిపేస్తారు. పదకొండని రాస్తే ఈ తరగతి పోతుంది, టీచరునీ ఎక్కడికో పంపేస్తారు. అది తెలిసీ ఎందుకు రాయమంటున్నారని అడిగాడతను.

"ఇరవై ఎనిమిదని ఉంటే అందులో నిజంగా రాని పదిహేడు మందికి ఎవరూ చదవడం నేర్పరండి. వచ్చేసిందనుకుంటారుగా."

అతను పెన్ను తీసి ఇరవై ఎనిమిది కొట్టేశాడు. పదకొండని రాశాడు. లక్ష్యం ఎంతని అడిగితే ఇరవై రెండు అంది. ముప్పై అంటే బాగుంటుందేమోనని నసిగాడు. "ఇరవై రెండు మందిని పేరు పేరునా చెప్పగలను. ఇరవై మూడో పేరు నాకింకా తెలీదు," అంది. బాధ్యులు అన్న గడిలో ఆమె తన పేరు రాసుకుంటే, అతను పక్కనే తన పేరూ రాశాడు.

ఆ తర్వాత ప్రతి శనివారం వచ్చాడు. అచ్చు పేజీలయితే మళ్లీ కంఠస్థం చేస్తారని తనే కథలు రాసి తెచ్చేవాడు. మొదటి కథలో మేక బజారుకెళ్లింది, తిరిగొచ్చింది. అంతే. మేక ఎందుకెళ్లిందని టీచరు అడిగింది. అతను ఆ ప్రశ్న ఫైలు మీద రాసుకుని వెళ్లాడు. వారమంతా ఆలోచించి, దానికి అద్దం కావాల్సొచ్చిందని రాసుకొచ్చాడు. అద్దమెందుకని అడిగింది. అలా ఆ మేక కథ ఆరు శనివారాలు నడిచింది.

కథ ఎలా రాయాలో నేనూ సలహా ఇచ్చాను. మా పంతులుగారు ఏనుగు అని రాస్తే ఆ బరువుకి పలక వంగిపోయేదని చెప్పాను. ఇద్దరూ నా మాట వినలేదు. వాన కురుస్తుంటే అతను కిటికీ వైపు చూసేవాడు, ఆమె అతను చూసే వైపు చూసేది. వాన ఎప్పుడో తగ్గిందర్రా అని నేనంటే ఇద్దరికీ వినబడేది కాదు.

ఇంతలో ఆఫీసు నుంచి ముద్ర వేసిన ప్రణాళిక కాపీ వచ్చింది. ప్రస్తుత స్థితి గడిలో మళ్లీ ఇరవై ఎనిమిది.

టీచరు దాన్ని మడిచి బీరువాలో పెట్టింది. శనివారం శాతం సారు వచ్చేసరికి అతని కుర్చీ వరండాలో ఉంది. అక్కడే కూర్చుని పిల్లలు చదివింది విన్నాడు. పోయేటప్పుడు నన్ను అడిగితే కాపీ సంగతి చెప్పాను. అతని ముఖం వాడిపోయింది. ఆఫీసు కంప్యూటరు కిందటేడాది కన్నా తక్కువ అంకె తీసుకోదట. అందుకని అసలు అంకె ఉత్తరంలో రాసి ఫైలుకి జతచేశాడట.

ఆ ముక్క ఆమెకే చెప్పమన్నాను.

"కాగితం చూపించకుండా చెబితే ఆవిడ నమ్మరు తాతగారూ. నమ్మకూడదు కూడా."

మరుసటి వారం ఆఫీసులో సమీక్ష. టీచరూ నేనూ వెళ్లాం. శాతం సారుకి పై అధికారి అయిన పెద్ద మేడమ్ తెర మీద ఇరవై ఎనిమిది చూసి మెచ్చుకోబోతుంటే టీచరు లేచి నిలబడింది. ఆ అంకె వైపు వేలు చూపించింది. "పదకొండండి," అంది.

శాతం సారు కూడా లేచాడు. ఫైలు అడుగున ఉత్తరం చూడమన్నాడు. పెద్ద మేడమ్ వెతికి తీసి, పైకే చదివింది. గోడ మీద రాత నా సర్క్యులర్ వల్ల వచ్చింది, తప్పు నాది, పదకొండే నిజం, ఏడాది చివరిదాకా ఈ తరగతిని కదిలించవద్దు. తేదీ, మొట్టమొదటి రోజుది. టీచరు ఆ కాగితం అడిగి తీసుకుని తేదీ రెండుసార్లు చూసింది.

గడువు ఇచ్చారు. ఇరవై రెండుకి ఒక్కరు తగ్గినా తరగతి పెద్ద బడికే. పేజీలు మాత్రం ఎవరూ చూడనివై ఉండాలి.

ఆ శనివారం కుర్చీ లోపలికొచ్చింది.

ఏడాది చివర పెద్ద మేడమే స్వయంగా వచ్చింది. గోడకి తెల్ల సున్నం కొట్టించారు. శాతం సారు రాసి మడిచిన కొత్త పేజీలు ఒక డబ్బాలో వేశారు. డబ్బాకి కాపలా నేను. ఒక్కో పిల్లా పిల్లాడూ వచ్చి, ఒక పేజీ తీసి చదవాలి. ముప్పై ఒక్క మంది అయ్యేసరికి లెక్క ఇరవై ఒకటి. మిగిలింది నా మనవరాలు.

అది పేజీ తీసింది. తిన్నగానే పట్టుకుంది. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ మొదలుపెట్టింది.

"ప్ర... స్తు... త స్థితి. సోమవారం నుంచే... శనివారం కోసం చూస్తున్నాను. వాన వల్ల కాదు. మేక... వల్ల కాదు. టీచరుగారి వల్ల. లక్ష్యం..." అని ఆగిపోయింది. "ఇక్కడ ఖాళీగా ఉంది తాతా."

శాతం సారు తన ఫైలు తెరిచి ఆదరాబాదరాగా వెతుక్కుంటున్నాడు. అందులో ఉండాల్సిన కాగితం డబ్బాలోకి ఎలా వచ్చిందో నాకు తెలియదు. ఆ కప్ప పనే అయ్యుండాలి.

పెద్ద మేడమ్ కళ్లద్దాలు తీసింది. "ఇది గోడ మీద ఎప్పుడైనా ఉందా?"

లేదన్నాం.

"ఎవరైనా కంఠస్థం చేసే అవకాశం ఉందా?"

"నేనొక్కడినే మేడమ్," అన్నాడు శాతం సారు నేల చూపులు చూస్తూ.

ఆమె ఇరవై రెండని రాసి సంతకం పెట్టింది. పిల్లల్ని తీసుకుని బయటికి నడిచింది. నేను మాత్రం కదల్లేదు. డబ్బాకి కాపలా ఉండాలి కదా.

టీచరు ఆ కాగితం తీసుకుని మొదటి నుంచి చివరిదాకా మళ్లీ చదువుకుంది.

"లక్ష్యం గడి ఖాళీగా వదిలేశారు. ఎందుకు?"

"అది ఒక్కడినే కూర్చుని రాసే గడి కాదని మీ దగ్గరే నేర్చుకున్నానండి."

ఆమె పెన్ను అడిగి తీసుకుంది. లక్ష్యం గడి జోలికి పోకుండా, చివరనున్న ఎప్పటిలోగా అన్న గడిలో రాసింది. ఆదివారం, పది గంటలు, మా ఇల్లు.

"మా నాన్నగారు ఉంటారు. ఈ ఎందుకు అనే అలవాటు నాకు ఆయన దగ్గర్నుంచే వచ్చింది. ఆయనకి జవాబు చూసుకుని రండి," అంది.

"ఎందుకంటేనండీ..." అని మొదలుపెట్టాడు పాపం.

"నాకొద్దు. నాకు ఇప్పుడే పాప చదివి వినిపించిందిగా," అని నవ్వింది.

అతను ఆ కాగితం అందుకున్నాడు. "తప్పకుండా," అని, ఒక్క క్షణం ఆగి, ఊపిరి పీల్చుకుని, "వస్తాను," అన్నాడు.

సరిగ్గా స్విచ్‌బోర్డు దగ్గర ఆగినట్టే ఆగాడు.