శవానికి టోపీ

ఉప్పు కోసం స్టోర్‌రూమ్ తలుపు తీసిన వంటావిడ గడప మీదే కూలబడింది.

బియ్యం బస్తాల మధ్య అన్నం అక్క వెల్లకిలా పడి ఉంది. నోటినిండా రక్తం. తల కింద నేల మీద కూడా రక్తం గడ్డకట్టింది. పక్కనే ఇనప తూకం రాయి, దానికి అంటుకున్న వెంట్రుకలు.

చాక్లెట్ ధరకే బడిపిల్లలకి కడుపునిండా భోజనం పెట్టే మనిషి ఆమె. మొదట్లో ఇంటి స్టవ్ మీద ఒక్క బడికి వండింది. ఇప్పుడు తొమ్మిది బడులకి వ్యాన్లు వెళ్తున్నాయి.

ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి పదకొండు దాటింది. ఆవిడ శవం పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. వెనక కిటికీ అద్దం బద్దలై ఉంది.

"బడుల క్యాంటీన్ కాంట్రాక్టర్ పనే మేడమ్," అన్నాడు అక్క తమ్ముడు. స్టోరు చూసుకునేది అతనే. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి. "అక్క వల్ల తన బేరాలు పోయాయని కక్ష. కాళ్లు విరగ్గొడతానని పోయిన వారం అందరి ముందూ అన్నాడు."

"ఇవాళ అక్కని చూశావా?"

"లేదు మేడమ్. ఏదో బడికి వెళ్లిందనుకున్నాను."

"ఆ మాట నాకు చెప్పింది నువ్వేగా," అంది వంటావిడ కళ్లు తుడుచుకుంటూ. "రోజూ అక్కే టోపీ పెట్టుకొచ్చి బియ్యం కొలిచి ఇస్తుంది మేడమ్. ఇవాళ ఇతనే బస్తాలు మోసుకొచ్చాడు. మూడుసార్లు కడగమన్నాడు. ఏదో ఘాటు వాసనొస్తోందంటే గోనె వాసన అన్నాడు."

ఇద్దరు కానిస్టేబుళ్లు కాంట్రాక్టర్‌ని తీసుకొచ్చారు. శవాన్ని చూడగానే ఆ భారీ మనిషి గోడ పట్టుకున్నాడు.

"బెదిరించావా?" అడిగింది ఇన్‌స్పెక్టర్.

"బెదిరించాను. నోటి దూల మేడమ్. మనిషిని చంపేంత గుండె ఉంటే నా వ్యాపారం ఇట్లా మునిగేదా?"

ఆవిడ మళ్లీ శవం మీదికి వంగింది. శవం తలకి వంటగది గుడ్డ టోపీ ఉంది. చెవుల దాకా చక్కగా లాగి ఉంది. మెల్లగా తీసింది. తల వెనక భాగం చితికిపోయింది. టోపీ లోపల రక్తం. బయట ఒక్క చిరుగు లేదు.

శవం కుడి పిడికిలి బిగుసుకుని ఉంది. ఇన్‌స్పెక్టర్ ఒక్కో వేలే విప్పింది. గుప్పెడు బియ్యం. గింజల మీద బూడిదరంగు పొడి. ముక్కు దగ్గర పెట్టుకోగానే పురుగుమందు ఘాటు గుప్పుమంది.

"వ్యాన్లు వెళ్లిపోయాయా?"

"పదిన్నరకే. అవి వెళ్లాకే నేను స్టోరు తీశాను," అంది వంటావిడ.

"పిల్లలు ఎప్పుడు తింటారు?"

"పన్నెండుకి."

ఇన్‌స్పెక్టర్ చటుక్కున లేచింది. "అన్ని బడులకీ ఫోన్ చెయ్యండి. ఒక్క మెతుకు కూడా ఎవరి నోట్లోకీ పోకూడదు."

కానిస్టేబుళ్లు ఫోన్లు తీశారు. ఆవిడ తమ్ముడి వైపు తిరిగింది.

"దెబ్బ తగిలినప్పుడు టోపీ తల మీద ఉంటే తలతోపాటు అదీ చిరిగేది. చచ్చాక ఎవరో పెట్టారు. టోపీ లేకుండా అక్క ఇక్కడ అడుగుపెట్టదని తెలిసినవాళ్లు. టోపీ లేని తలతో కనబడితే ఈ వంటావిడ అడిగేది, ఏం కొంపలు మునిగాయని అక్క అట్లా పరిగెత్తుకొచ్చిందని. అక్క వంటకి రాలేదు. వంట ఆపడానికి వచ్చింది."

తమ్ముడు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఆమె నోటినిండా రక్తం. పెదవి పగల్లేదు, పన్ను ఊడలేదు. ఎవరినో కొరికింది. చొక్కా చేతులు పైకి మడవండి, ఇద్దరూ."

కాంట్రాక్టర్ వెంటనే మడిచాడు. తమ్ముడు బల్ల మీది కూరగాయల కత్తి అందుకున్నాడు.

మొదటి వేటు ఇన్‌స్పెక్టర్ భుజాన్ని చీల్చింది. రెండోది గురి తప్పింది. ఆవిడ గోడకి ఆనించిన పొడుగాటి గరిటె లాగి అతని మణికట్టు మీద కొట్టింది. ఎముక పటుక్కుమంది. కత్తి జారిపోయింది. కానిస్టేబుల్ అతన్ని బోర్లా పడేసి చొక్కా చెయ్యి చింపాడు. ముంజేతి మీద పళ్ల గాట్లు, లోతుగా.

"పురుగు పడుతోందని మందు చల్లాను," అన్నాడు నేలకి ముఖం ఆనించి. "అది తిండిగింజల మీద చల్లకూడని మందని తర్వాత తెలిసింది. పొద్దున్నే అక్కకి ఫోన్‌లో చెప్పాను, పరిగెత్తుకొచ్చింది. బస్తాలు పారబోయిస్తానంది, బడులవాళ్లకి నిజం చెప్తానంది. నన్ను జైల్లో పెడతారక్కా అన్నాను. పెట్టనీ అంది. మొదటి దెబ్బకి పడలేదు. పట్టుకుని కొరికింది. తర్వాత ఎన్ని కొట్టానో తెలీదు... దొంగలు పడ్డట్టు కిటికీ అద్దం పగలగొట్టాను... మూడుసార్లు కడిగితే పోతుందనుకున్నాను."

"నా చేత్తో వండించావు కదరా," అంది వంటావిడ.

కానిస్టేబుల్ ఫోన్ దించాడు. "ఎనిమిది బడులూ ఆపేశాయి మేడమ్. ఒకటి ఎత్తట్లేదు."

పన్నెండుకి పది నిమిషాలు.

"ఆ బడికి గుట్ట వెనక అడ్డదారి ఉంది," అన్నాడు కాంట్రాక్టర్. "నా వ్యాన్లు ఏళ్ల తరబడి తిరిగాయి. పదండి."

జీపు రాళ్ల మీద ఎగిరెగిరి పడింది. ఇన్‌స్పెక్టర్ భుజం నుంచి కారిన రక్తం వేళ్ల దాకా వచ్చింది.

వరండాలో పిల్లలు బారుగా కూర్చున్నారు. కంచాల్లో అన్నం పొగలు కక్కుతోంది. మొదటి వరసలో ఒక పాప ముద్ద కలిపి నోటి దాకా తెచ్చింది. ఇన్‌స్పెక్టర్ ఆ చెయ్యి పట్టుకుని గట్టిగా విదిలించింది. కంచం ఎగిరి గోడకి తగిలింది. కాంట్రాక్టర్ అన్నం గుండిగని కాలితో తన్ని మట్టిలో బోర్లించాడు. పిల్లలు గొల్లుమన్నారు. పంతులమ్మ అడ్డంగా చేతులు చాచింది.

"ఎవరైనా తిన్నారా?" అరిచింది ఇన్‌స్పెక్టర్.

"లేదు. ఇప్పుడే వడ్డించాం."

ఆవిడ మెట్టు మీద కూలబడి, పాప వేళ్లు ఒక్కొక్కటే తన రుమాలుతో తుడిచింది. పాప ఆవిడ భుజం మీది రక్తం చూస్తూ వెక్కుతోంది.

"ఆకలేస్తోంది," అంది చివరికి.

కాంట్రాక్టర్ ఆ బోర్లించిన గుండిగని లేపి నిలబెట్టాడు. తర్వాత తన క్యాంటీన్‌కి ఫోన్ చేశాడు.

"అమ్మకాలు ఆపెయ్యండి. వండిందంతా వ్యాన్లకెక్కించండి. తొమ్మిది బడులకీ వెళ్లాలి. ఇక్కడికి ముందు."

బడులవాళ్లు అడిగితే ఎవరు పంపించమన్నారని చెప్పాలన్నాడు అవతలి మనిషి.

"అన్నం అక్క పంపించమందని చెప్పండి," అని ఆయన ఫోన్ పెట్టేశాడు.