చాప మీద కూర్చోని పెళ్ళికొడుకు

చంద్రకాంతతో పెళ్ళిచూపులకు తిరుపతి నుంచి పుత్తూరు వచ్చిన మునికృష్ణ చాప మీద కూర్చోలేదు. పెద్దలంతా కూర్చున్నా, తను మాత్రం స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు.

“కూచోప్పా,” అన్నాడు పిల్ల తండ్రి పరంధామయ్య. విరిగిన ఎముకలకు కట్టు కట్టడంలో ఆయనకు ఊళ్ళో మంచి పేరు.

“పంచె కొత్తది... నలుగుతాది” అనేశాడు మునికృష్ణ.

ఛీ ఛీ! ఇంతకంటే మంచి అబద్ధమే దొరకలేదా? తల కొట్టేసినట్టయింది. కాళ్ళూ చేతులూ చూసి బతికే ఇంట్లో మోకాలి నొప్పి దాచుకుంటున్నాడు మరి! కుంటివాడని తెలిస్తే పిల్లనిస్తారా?

చంద్రకాంత మేనత్త దేవకమ్మ మూతి తిప్పింది. “సూసినావా పొగరు! ఈ సంబంధం మనకొద్దు, అన్నా.”

మునికృష్ణ సిగ్గుతో వీధి మెట్లు దిగబోయాడు. మోకాలి ముందర కలుక్కుమంది. గోడ పట్టుకుని, పక్కకు తిరిగి దిగుతుంటే వెనక గాజులు గలగలమన్నాయి.

“పంచె నలక్కుండా దిగతా ఉండారా?”

చంద్రకాంత! కళ్ళలో నవ్వు, గొంతులో కోపం.

“మోకాలు నొప్పి,” అన్నాడు నేల చూస్తూ. “కూచుంటే పట్టేస్తాది. మెట్లు దిగితే చిప్ప దగ్గర పొడస్తాది.”

“ఎట్లొచ్చింది?”

“అందరూ కొత్తగా వచ్చిన బస్సులో తిరుమల కొండకు పోతా ఉంటే, నేను మోకాళ్ళ పర్వతం మోకాళ్ళ మీదనే ఎక్కినా. మొక్కు.”

“ఏం మొక్కు?”

“జాతరలో నిన్ను సూసినా. నువ్వు దొరకాలని...”

“దొరక్కముందే తీర్చేసినారా!” పకపకా నవ్వింది. అంతలోనే బుగ్గలు ఎర్రబడ్డాయి. “నాయనా, ఒకసారి ఇట్ల రా!”

పరంధామయ్య మోకాలు నొక్కి చూశాడు. “ఎముకకేం కాలేదు, కట్టు అక్కర్లేదు. చిప్ప కాడ ఒరుసుకోని నొచ్చుకోనుండాది. కొన్నాళ్ళు గొంతుక్కూచోవద్దు, మోకాళ్ళ మీద భారం ఎయ్యొద్దు. అట్లని మంచమెక్కి పండుకోవద్దు. దినామూ కాలు చాపి, తొడ బిగబట్టి వదులు. తొడకు బలమొస్తే చిప్ప కుదురుగా ఉంటాది. ఇంత దానికి దాపరికం ఎందుకప్పా?”

మునికృష్ణకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

దేవకమ్మ ఊరుకుంటుందా? “అంతవరకూ పెండ్లి ఆగతాదా? పీటల మీద పెద్దోళ్ళ ముందర కాళ్ళు చాపుకోని కూచుంటాడా? ఊరంతా నగదా?”

నిజమే. అతని తల మళ్ళీ వాలిపోయింది.

“నగనీలే అత్తా,” అంది చంద్రకాంత. “నేనూ చాపుకోనే కూచుంటా.”