తక్కువ జీతం, ఎక్కువ ఓర్పు

పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, అద్దం ముందు మూడోసారి తల దువ్వుకుంటున్నాడు ఆయన. మున్సిపాలిటీలో గుమాస్తా. బూట్ల ఫ్యాక్టరీ మూతపడి ఆరేళ్లయింది. ఆ ఆరేళ్లలో సగం ఊరు ఇళ్లకు తాళాలేసి, పొట్ట చేత పట్టుకుని పోయింది. ఇన్నాళ్లకు ఒక కంపెనీవాళ్లు ఊరు చూడ్డానికి వస్తున్నారు. వాళ్లను రప్పించిన కరపత్రం రాసింది తనే మరి. మనిషి నేల మీద నిలుస్తాడా!

"ఏమోయ్, పదకొండింటికల్లా మున్సిపాలిటీ హాల్లో ఉండాలి. పాత మిషనొకటి బాగు చేయించాం. వాళ్ల ముందు ఒక జత కుట్టి చూపిస్తే చాలు," అన్నాడు వంటింట్లోకి చూస్తూ.

ఆ ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లు బూట్ల పైతోలు కుట్టిన మనిషి ఆయన భార్య. ఇప్పుడు ఇంట్లోనే సంచులకు జిప్పులు వేస్తోంది.

"కుడతాలెండి. నేర్చిన పని చెయ్యి మర్చిపోతుందా ఏంటి?" అని నవ్వింది. ఆవిడ అలా నవ్వి చాలా రోజులైంది.

అంతలో కూతురు ఆయన బ్యాగులోంచి కరపత్రం లాగింది. "అమ్మా, దీని మీద నీ ఫొటో! కింద ఏదో రాశారు... 'తక్కువ జీతం, ఎక్కువ ఓర్పు. ఎదురు చెప్పని పనివాళ్లే మా ఊరి ఆస్తి.' ఇదేంటి నాన్నా?"

భార్య స్టవ్ కట్టేసి, చేతులు తుడుచుకుని కాగితం అందుకుంది. "నా ఫొటో ఎప్పుడు తీశారు?"

"మొన్న కిటికీ దగ్గర కూర్చుని కుడుతుంటే..."

"నన్నడగలేదే?"

"బాగుంది, ఇంట్లో మనిషిని కూడా అడగాలా?"

"ఎదురు చెప్పనిదాన్నా నేను? ఊపిరాడని షెడ్డులో ఫ్యాన్లు పెట్టమని నలభైమంది ఆడవాళ్లం మూడు రోజులు పని ఆపేశాం. ముందు వరసలో కూర్చున్నది ఎవరండీ?"

"అబ్బ, ఊరి కోసమేనే! పక్క ఊరివాళ్లు స్థలం ఊరికే ఇస్తామంటున్నారు. మన దగ్గర చూపించడానికి ఏముందని?"

"అందుకని నన్ను చవగ్గా చూపించారు." ఆవిడ గొంతు పెంచలేదు. కాగితం బల్ల మీద పెట్టి చీర మార్చుకోవడానికి వెళ్లింది. కూతురు మాత్రం తండ్రి వైపు పరాయివాణ్ని చూసినట్టు చూసింది. ఆయన ముఖం చిన్నబోయింది.

హాల్లో ఆవిడ మాట నిలబెట్టుకుంది. మిషను ముందు కూర్చుని, తోలును వేలితో ఒకసారి తడిమి, గిర్రున కుట్టేసింది. కంపెనీ తరఫున వచ్చిన మేనేజరమ్మ కళ్లజోడు సవరించుకుని చూసి, "ఒక్క కుట్టు కూడా పక్కకు పోలేదు," అంది. తర్వాత కరపత్రం తీసింది. "ఇందులో ఉన్నది మీరేగా? రాసినట్టు తక్కువ జీతానికే వస్తారామ్మా?"

"ఎందుకు రారండీ, పరిగెత్తుకుంటూ వస్తారు!" అన్నాడు పక్కనే ఉన్న మున్సిపల్ ఛైర్మన్.

భార్య నోరు తెరిచింది. భర్త వైపు చూసింది. మళ్లీ నోరు మూసుకుని తల దించుకుంది.

ఆయనకు ప్రాణం చచ్చిపోయినట్టయింది. ఫ్యాక్టరీ యాజమాన్యానికి భయపడని మనిషి, తన ఉద్యోగం కోసం, తన పరువు కోసం నోరు నొక్కుకుంటోంది. తను రాసిన అబద్ధాన్ని ఆవిడ చేత నిజం చేయిస్తున్నాడు. ఆ మూడు రోజుల సమ్మెలో ఆఫీసులో ఎవరో "ముందు కూర్చున్నావిడ మీ ఇంటావిడేగా?" అంటే, "కాదండీ" అని తప్పించుకున్న సంగతి కూడా అప్పుడే గుర్తొచ్చింది. ఛీ, ఏం బతుకు!

"అమ్మా," అన్నాడు మేనేజరమ్మతో. "అది నేను రాసింది. ఆవిడ నా భార్య. ఫొటో తీసేటప్పుడు అడగలేదు, జీతం గురించీ అడగలేదు. ఊరికి మంచి చేస్తున్నాననుకుని ఊరి ఆడవాళ్లందరినీ చులకన చేశాను. ఏం కావాలో ఆవిడనే అడగండి."

ఛైర్మన్ చూపులతోనే కాల్చేశాడు. భార్య మాత్రం తలెత్తింది. జీతం, గాలి, నడుం వాల్చడానికి కాసేపు విరామం, ఒక్కొక్కటీ విడమరిచి చెప్పింది. మేనేజరమ్మ అన్నీ రాసుకుంది. "పైవాళ్లతో మాట్లాడతాను. మాటివ్వలేను," అని కారెక్కింది.

దారిలో ఆయన కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాడు.

"రోడ్డు మీద ఏంటండీ ఇది, చిన్నపిల్లాడిలా. వాళ్లు రాకపోతే ఊరంతా మిమ్మల్ని దుమ్మెత్తిపోస్తుంది."

"పోయనీ. ఇంకో కంపెనీకి రాస్తాను." ఆగాడు. "ఈసారి ఏం రాయమంటావో నువ్వే చెప్పు."

అడుగుతుంటేనే సిగ్గేసింది. ఇరవై ఏళ్లు ఫ్యాక్టరీ నుంచి అలిసిపోయి ఇంటికొచ్చిన మనిషిని, ఆ పని గురించి ఒక్కనాడూ ఒక్క ముక్క అడిగిన పాపాన పోలేదు.

ఆవిడ నడక ఆపింది.

"మాకు పని వచ్చు అని రాయండి," అంది.