తొమ్మిదో కొలిమి కింది గొయ్యి

ఆ పరిశోధనశాల నేలమాళిగలో పన్నెండు కొలుములున్నాయి. పదకొండింటి దగ్గర ఎవరైనా ధైర్యంగా నిలబడతారు. తొమ్మిదోదాని దగ్గరికి మాత్రం... పట్టపగలైనా సరే, తోడు లేనిదే ఎవరూ వెళ్లరు.

కారణం లేకపోలేదు. ఒక్కో కొలిమిలో చిటికెన వేలంత ఉక్కు కడ్డీ ఎర్రగా కాలుతూ నిలువుగా వేలాడుతుంటుంది. దాని కింది కొసకి, నేలలో తవ్విన గొయ్యిలో, ఇనుప బిళ్లల బరువు కట్టి ఉంటుంది. నెలలు, ఒక్కోసారి ఏళ్లు, అలాగే ఉంచి ఎంత సాగిందో, ఎప్పుడు తెగుతుందో చూస్తారు. మామూలు ఉక్కయితే తెగేముందు సాగుతుంది, నడుము సన్నబడుతుంది. జాగ్రత్త పడమని ముందే చెబుతుంది. తొమ్మిదో కొలిమిలో పెట్టేది ఆక్సైడ్ పొడి కలిపి చేసిన మొండి ఉక్కు. ఎంత వేడికైనా లొంగదు. సాగీ సాగనట్టు ఉంటుంది... ఉన్నట్టుండి ఫట్‌మని తెగుతుంది.

అలాగే తెగింది ఒకసారి. గొయ్యిలో దిగి బిళ్లలు సర్దుతున్న ఫిట్టరు మీద.

అప్పట్నుంచీ ఆ గొయ్యిలో ఎవరో ఊపిరి బిగబట్టి బరువెత్తుతున్నట్టు వినిపిస్తుందని చెప్పుకుంటారు.

చిట్టి అక్కడ చేరి ఏడాదిన్నర. అసలు పేరు ఏదైనా అందరికీ ఆమె చిట్టే. గంటగంటకీ రీడింగులు రాయడం ఆమె పని. కొలుములకి రాత్రీ పగలూ ఉండదు గనక వాటిని చూసుకునే వాళ్లకీ ఉండదు. ఆ రాత్రి తోడు రావలసిన సీనియర్‌కి ఒళ్లు కాలిపోయే జ్వరం. ఫోన్‌లో ఒకటే మాట చెప్పింది:

"తొమ్మిదోది వదిలెయ్యవే. పొద్దున్నే నేనొచ్చి చూసుకుంటా."

"దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు. నువ్వు మందేసుకుని పడుకో అక్కా!" అని పెట్టేసింది చిట్టి.

రాత్రి రెండు గంటలకి ఎనిమిదో కొలిమి దగ్గర నిలబడి రీడింగు రాస్తోంది. అప్పుడు వినపడింది.

టక్.

పక్కనే... తొమ్మిదో కొలిమి కింద. ఇనుము సిమెంటు మీద ఆనిన చప్పుడు. ఆ వెంటనే — ఒక నిట్టూర్పు.

పెన్ను చేతిలోంచి జారిపోయింది. కొలిమి వెనక చీకట్లో స్టూలు మీద ఒక ఆకారం... మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చుని ఉంది.

అది మెల్లగా ఆమె వైపు వంగింది.

"అరవకమ్మా..." అంది గుసగుసగా. "నేనే."

కొలిమి సందులోంచి వచ్చే ఎర్రటి వెలుతురు ముఖం మీద పడింది. బాబాయ్! నిరుడు రిటైరైన ముసలి టెక్నీషియన్. ఆమెకి పని నేర్పినవాడు.

చిట్టికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

"పై ప్రాణం పైనే పోయేది బాబాయ్! ఎలా వచ్చారసలు?"

"మీ సీనియరమ్మ ఫోన్ చేసింది. పిల్ల మొండిది, ఒక్కతే ఉంది అని. వెనక తలుపు తాళంచెవి ఇంకా నా దగ్గరే ఉందిలే."

"అయితే మాత్రం ఇలా చీకట్లో కూర్చుంటారా?"

ఆయన గొయ్యి వైపు చూస్తున్నాడు.

"ఆ రోజు ఫిట్టరుని ఇందులోకి దించింది నేనే అమ్మా. రీడింగు బాగుంది, దిగరా అన్నాను. బాగానే ఉంది మరి... చివరి నిమిషం దాకా."

చిట్టి మాట మార్చాలని, "ఇన్నాళ్లూ అందర్నీ హడలగొట్టిన నిట్టూర్పు మీదేనన్నమాట" అంది.

"నేను రిటైరయ్యాక ఇక్కడ అడుగుపెట్టడం ఇదే మొదలు."

"మరి ఆ చప్పుడు...?"

"నేనూ నీతోపాటే విన్నాను."

టక్.

ఇద్దరి కళ్లూ డయల్ మీదికి వెళ్లాయి. కడ్డీ ఎంత సాగిందో చూపించే ముల్లు వెంట్రుకవాసి వెనక్కి జరిగింది. ఎక్కడో కింద ఊపిరి బిగబట్టిన చప్పుడు... మళ్లీ టక్. ముల్లు ఇంకాస్త వెనక్కి.

ముసలాయన వేళ్లు ఆమె మణికట్టుని బిగించి పట్టుకున్నాయి. చల్లగా ఉన్నాయి.

"బరువు తగ్గుతోంది..." అన్నాడు.

"కడ్డీ తెగిందా?"

"తెగితే అన్నీ ఒక్కసారే పడతాయి. ఇది... ఒక్కొక్క బిళ్లా ఎవరో దించుతున్నారమ్మా."

టక్.

బాబాయ్ గొయ్యి వైపు తల తిప్పాడు.

"ఒరేయ్... నువ్వేనా?"

కింద ఊపిరి చప్పుడు ఆగిపోయింది.

ఎందుకలా చేసిందో చిట్టి ఈనాటికీ చెప్పలేదు. ఆయన వద్దు వద్దని వెనక్కి లాగుతూనే ఉన్నాడు. ఆమె చెయ్యి చాచి టార్చి వెలుగు గొయ్యిలోకి వేసింది.

లోపల ఎవరూ లేరు. నేల మీద నాలుగు బిళ్లలు, ఒక్కొక్కటీ ఇరవై కిలోలది, ఒకదాని మీద ఒకటి పొందిగ్గా పేర్చి ఉన్నాయి.

ఐదోది మాత్రం గాల్లో ఉంది. ఏ ఆధారమూ లేకుండా... మెల్లగా, ఎంతో జాగ్రత్తగా... కిందికి దిగుతోంది.