రెండో స్టూడియోలో ఎర్రదీపం

మా రేడియో స్టేషన్లో రాత్రి తొమ్మిది దాటితే రెండో స్టూడియో వైపు ఎవరూ వెళ్ళరు. ఊడ్చే ఆవిడ కూడా ఆ గదిని పగలే ఊడ్చేసి చేతులు దులుపుకుంటుంది.

పై అంతస్తులో, నడవా చివర ఉంటుంది ఆ గది. మందపాటి తలుపు, తలుపు మీద ఎర్రదీపం. ఆ దీపం వెలిగితే లోపల ఎవరో మైకులో మాట్లాడుతున్నారని అర్థం. గది మూతపడి ఆరేళ్ళయింది. అయినా అప్పుడప్పుడు దీపం వెలుగుతుందనీ... లోపల ఎవరో గొంతు సవరించుకుంటారనీ... చెప్పుకుంటారు.

ఎవరో ఏమిటిలెండి, పెద్దాయనే. ముప్ఫై ఏళ్ళు ఆ గదిలోంచే రాత్రి కార్యక్రమం చేశాడు. రిటైరైన నెలకే పోయాడు. తన ఇంట్లో, తన మంచం మీద, అందరూ పోయినట్టే పోయాడు. కానీ మా వాళ్ళకి ఆ చావు రుచించలేదు. ఆయన ప్రాణం మైకు దగ్గరే ఉండిపోయిందని తీర్మానించేశారు.

నాకా నమ్మకం లేదు. పొద్దున అయిదున్నర వార్తలు చదివేది నేనే. నాలుగింటికి లేచి డ్యూటీకి వచ్చేవాడికి మనుషులంటేనే విసుగు, ఇక దెయ్యాలతో ఏం పని? ఇది నేను చూసింది కాదు, విన్నది. సగం అక్కయ్య చెప్పింది, సగం తీగలాయన చెప్పాడు.

అక్కయ్య అంటే మా రాత్రి అనౌన్సరు. పెద్దాయన దగ్గరే పని నేర్చుకుంది. ఆయన తరవాత పదకొండు నుంచి రెండింటిదాకా, నిద్రపట్టనివాళ్ళ కోసం ఆవిడే మాట్లాడుతుంది, ఒకటో స్టూడియోలోంచి. అందరికీ ఆవిడ అక్కయ్యే. తీగలాయన మా టెక్నీషియను. ఆయన జేబులో ఎప్పుడూ నాలుగు తీగముక్కలుంటాయి.

ఆ ఏడు కొత్త సారు వచ్చాడు. రేడియో పెట్టెల్లో ఎవరూ వినడం లేదు, ఇక ఫోన్లలోకి వెళ్ళాలన్నాడు. స్టూడియోలో కెమెరా పెట్టించాడు. కార్యక్రమం ఫోన్లో లైవ్ వెళ్తుంది, చూసేవాళ్ళు కామెంట్లు పెడతారు, ఎంతమంది చూస్తున్నారో అంకె కనిపిస్తూ ఉంటుంది. పాత టేపులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించమని తీగలాయనకి పురమాయించాడు.

"మీరు రీల్స్ చెయ్యాలమ్మా. ముప్ఫై సెకన్లలో చెప్పెయ్యాలి" అన్నాడు అక్కయ్యతో.

"నిద్ర పట్టనివాడికి ముప్ఫై సెకన్లలో ఏం చెప్తాం సార్?" అందావిడ.

సారు అది పట్టించుకోలేదు. నెలాఖరులోగా ఫోన్లో అయిదువందలమంది చూడాలి, లేకపోతే రాత్రిళ్ళు కంప్యూటరే పాటలు వేసుకుంటుందన్నాడు. రాత్రి కార్యక్రమం పోతే ఆవిడకి స్టేషన్లో వేరే కుర్చీ లేదు.

ఇంట్లో చూస్తే అత్తగారు మంచంలో ఉంది. పగలంతా ఆవిడకి చేసి, రాత్రి ఇక్కడ మాట్లాడి, తెల్లవారి మొదటి బస్సులో దొరికిన పావుగంటే అక్కయ్య నిద్ర. కెమెరా ముందు కూచుంటే జనం పెట్టే కామెంటు ఒక్కటే. 'మేడం, మీరు చాలా అలసిపోయినట్టున్నారు.'

నెలాఖరుకి ఇంకా నాలుగు రోజులుంది. ఆ రాత్రి ఒంటిగంటకి అంకె పధ్నాలుగు.

అక్కయ్య ఒక పాట వేసింది. పాట అయిదు నిమిషాలుంటుంది. ఒక్క నిమిషం కళ్ళు మూసుకుందామనుకుంది...

అంతే.

ఎంతసేపైందో తెలియదు. చెవుల్లో ఎవరో మాట్లాడుతున్నారు. మెల్లగా, నవ్వు కలిసిన గొంతుతో.

"...అంత అలసట ఎక్కణ్ణించి వస్తుందండీ ఈ పిల్లకి? పోనీండి, పడుకోనిద్దాం..."

సగం నిద్రలో "సరే సార్" అంది కూడా.

అప్పుడు మెలకువ వచ్చింది.

పాట ఎప్పుడో అయిపోయింది. తన మైకు ఆపే ఉంది. అయినా హెడ్‌ఫోన్లలో గొంతు వినిపిస్తోంది. అంటే అది బయటికి, ఊరందరికీ వెళ్తున్న గొంతు. ఆరేళ్ళ కింద తను దండ వేసి వచ్చిన మనిషి గొంతు...

హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టింది. గదిలో చడీచప్పుడూ లేదు. తలుపు తీసి నడవాలోకి తొంగి చూసింది.

నడవా చివర... ఎర్రదీపం వెలుగుతోంది.

పారిపోవాలనుకుంది. మెట్లు పక్కనే ఉన్నాయి. కానీ మైకు వదిలి పారిపోతే ఉద్యోగం గోవిందా. కాళ్ళు రెండో స్టూడియో వైపే నడిచాయి, ఎలా నడిచాయో ఆవిడకే తెలియదు. నడవా దీపం స్విచ్చి ఆ చివరే ఉంది. గోడ పట్టుకుని చీకట్లోనే వెళ్ళింది.

తలుపుకి తాళం లేదు. రెండు చేతులతో తోసింది. లోపల అంతా చీకటి. చీకట్లో ఒక పచ్చటి చుక్క. ఎదురుగా ఆ గొంతు.

"అదిగో... లేచింది."

అక్కయ్య కొయ్యబారిపోయింది.

"అమ్మాయ్, ఇక మైకు నీదే."

తరవాత ఏమీ లేదు. నిశ్శబ్దం.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా వృత్తిలో దెయ్యం కంటే భయంకరమైంది నిశ్శబ్దం. మైకు ఖాళీగా ఉందంటే మాకు ఊపిరాడదు. ఇరవై రెండేళ్ళ అలవాటు ఆవిణ్ణి వెనక్కి పరిగెత్తించింది. కుర్చీలో పడి మైకు తెరిచింది.

"లేచానండీ" అంది రొప్పుతూ. "తప్పయిపోయింది..."

తెర మీద చూస్తే పధ్నాలుగు ఉండాల్సిన చోట ఆరువందల పదకొండు. కెమెరా సంగతి అప్పుడు గుర్తొచ్చింది. బల్లమీద తల పెట్టి తను నిద్రపోతున్న బొమ్మ, వెనకాల ఆ గొంతు. జనం ఒకరికొకరు పంపుకున్నారు. 'ఎవరా పెద్దాయన?' 'ఆ అమ్మాయిని లేపకండి ప్లీజ్.'

నేను అయిదింటికి వచ్చేసరికి మెట్లమీద కూచుని ఉంది.

"మైకు ముందు నిద్రపోయానన్నయ్యా. నా పని అయిపోయింది" అంది. ఆ తరవాతే పెద్దాయన సంగతి చెప్పింది.

అంతలో తీగలాయన వచ్చాడు. విన్నాడు. నవ్వాడు. కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వాడు.

"దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు. అరనిమిషం ఏ శబ్దమూ వెళ్ళకపోతే మా యంత్రం తనంతట తనే ఏదో ఒకటి వేసేస్తుంది. ఇన్నాళ్ళూ ఒక సంగీతం ముక్క వేసేది. ఆ పాత పెట్టె పాడైపోతే, మొన్న యంత్రాన్ని ఈ టేపుల కంప్యూటర్‌కి తగిలించాను. అది రెండో స్టూడియోలో ఉంది. మీరు చూసిన పచ్చచుక్క దాని దీపమే, విన్నది దాని స్పీకరే. అక్కణ్ణించి శబ్దం బయటికి వెళ్తే ఎర్రదీపం వెలగదా మరి?"

"మరి... అమ్మాయి నిద్రపోయిందన్నాడు కదా?" అని అడిగాన్నేను.

తీగలాయన నవ్వు ఆపేశాడు. పైకి వెళ్ళి టేపు అట్టపెట్టె ఒకటి తెచ్చిచ్చాడు. మీద పెద్దాయన చేతిరాత. ఇరవై రెండేళ్ళ కిందటి తారీఖు. కింద 'కొత్తమ్మాయి కునికిన రాత్రి' అని ఉంది.

ఉద్యోగంలో చేరిన నెలలో అక్కయ్య ఒక రాత్రి ఆయన పక్కనే నిద్రపోయిందట. పూర్తిగా మెలకువ వచ్చేసరికి ఆయన 'ఇక మైకు నీదే' అంటున్నాడు, అంతకుమించి ఒక్క మాట కూడా అనలేదు. మైకు ఆవిడ వైపు తిప్పాడంతే. తను నిద్రపోయిన సంగతి ఆయనకి తెలియదనే ఇన్నేళ్ళూ అనుకుంది. అట్టపెట్టె ఒళ్ళో పెట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చింది. ఆ పూట నేనూ వార్తలు సరిగ్గా చదవలేకపోయాను.

పదింటికి సారు వచ్చాడు. రాత్రి ముక్కని పొద్దుటికి వేలమంది చూశారు.

"నిద్రపోయినందుకు మెమో ఇవ్వడం లేదు" అన్నాడు. "ఈ రాత్రి నుంచి పెద్దాయన టేపులే వేద్దాం. మీరు హాయిగా ఇంట్లో పడుకోండి."

అంటే ఏమిటి? చచ్చిపోయిన మనిషి వచ్చి బతికున్న మనిషి కుర్చీ లాక్కున్నట్టేగా! ఆయనకి సెలవులక్కర్లేదు, నిద్ర రాదు. నాకు ఒళ్ళు మండింది. అక్కయ్యకి మాత్రం పోట్లాడే ఓపిక కూడా లేదు. సంచీ తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ రాత్రి అంకెలు చూడ్డానికి సారు స్వయంగా వచ్చి కూచున్నాడు. పక్కన తీగలాయన. ఒంటిగంటకి అదే టేపు వేశారు. కెమెరాలో ఖాళీ కుర్చీ. రెండువేల పైచిలుకు చూస్తున్నారు.

"అదిగో... లేచింది. అమ్మాయ్, ఇక మైకు నీదే."

టేపు అయిపోయింది. కుర్చీ ఖాళీ. కామెంట్లు మొదలయ్యాయి. 'అమ్మాయి ఏది?' 'అక్కయ్యని ఏం చేశారు?' 'ఉద్యోగం తీసేశారా?' తెర నిండిపోయింది.

సారు కంగారుగా అక్కయ్యకి ఫోన్ చేశాడు. వాళ్ళాయన తీశాడు.

"పడుకుంది సార్. ఆరేళ్ళలో మొదటిసారి రాత్రి పడుకుంది. లేపను" అని పెట్టేశాడు.

అరనిమిషం గడిచింది. యంత్రం మళ్ళీ అదే టేపు అందుకుంది...

మర్నాడు పొద్దున్నే సారు అక్కయ్య ఇంటికి వెళ్ళాడు. రాత్రి మీదేనమ్మా, మీ ఇష్టం వచ్చినట్టు చెయ్యండన్నాడు. ఇప్పుడు వారానికి అయిదు రాత్రులు ఆవిడ, రెండు రాత్రులు పెద్దాయన టేపులు. ఒకప్పుడు ఉత్తరాలు చదివినట్టు కామెంట్లు చదువుతుంది, పేరుపేరునా జవాబు చెబుతుంది. కెమెరాని కిటికీ వైపు తిప్పేసింది. అయినా అంకె తగ్గలేదు.

జనం అడిగారు కాబట్టి సారు దిగొచ్చాడని నేననుకున్నాను. నెల తరవాత తీగలాయన నన్ను పక్కకి పిలిచాడు. జేబులో తీగముక్క వేలికి చుట్టుకుంటూ గుసగుసగా చెప్పాడు.

"ఆ రాత్రి రెండోసారి టేపు తిరిగింది చూడండి... మొదట 'మా కొత్త అమ్మాయి కునికింది' అని రావాలి."

"రాలేదా?"

"'మా అమ్మాయి ఇవాళ ఇంట్లో పడుకుంది' అన్నాడండీ. 'లేపకండి. వచ్చేదాకా నేనుంటాను' అన్నాడు. సారూ విన్నాడు. ఆయన చేతిలో ఫోన్ జారి కింద పడింది."

నేను ఆ టేపు మూడుసార్లు విన్నాను. 'ఇంట్లో' అన్న మాట అందులో ఎక్కడా లేదు.

ఉండబట్టలేక ఒకరోజు బస్టాపులో అక్కయ్యకి చెప్పేశాను. హడలిపోతుందేమో, ఉద్యోగం మానేస్తుందేమో అనుకున్నాను. కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"అయితే అన్నయ్యా... శుక్రవారం కూడా నేను రానని సారుకి చెప్పు."

"శుక్రవారానికి టేపేదీ సిద్ధంగా లేదు కదమ్మా?"

"టేపెందుకు? ఆయన ఉన్నాడుగా" అని ఆవలిస్తూ బస్సెక్కింది.